కట్టు విప్పని కాలు

మునిరత్నమ్మకు ముక్కు మీద కోపం అని తూముకుప్పంలో అందరూ అంటారు. ఆ కోపం ఎక్కడ పుట్టిందో అడిగిన పాపాన మాత్రం ఒక్కరూ పోలేదు. బోరింగు దగ్గర ఎవరి బిందె తగిలినా అరుస్తుందనీ, దొడ్లో గొర్రెలు పడితే గొర్రెల్ని వదిలేసి గొర్రెల కాపరిని తరుముతుందనీ చెప్పుకుని నవ్వుకుంటారు. యాభై రెండేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. చేతులు మాత్రం ఆ ఒంటికి పొందిక లేనంత పెద్దవి. ఆ చేతుల సంగతి ముందు చెప్పకపోతే ఈ కథ ఎవరికీ అర్థం కాదు.

తూముకుప్పం కార్వేటినగరానికి ఆరు మైళ్ళ దూరంలో, కొండల మొదట్లో ఉన్న ఊరు. ఆమె నాయన గంగులప్ప అక్కడ ఎముకలు కట్టేవాడు. కోడిగుడ్డు తెల్లసొనలో మినప్పిండి కలిపి, ఆకు పసరు పోసి, అందులో గుడ్డ తడిపి చుట్టేవాడు. దాని మీద నాలుగు వెదురు దబ్బలు నాలుగు పక్కలా పెట్టి నులక తాడుతో బిగించేవాడు. పాకాల నుంచి కూడా జనం బండ్లు కట్టుకుని వచ్చి ఆయన అరుగు మీద పడుకునేవాళ్ళు. ఆయన ఆ విద్యను కొడుకు మునస్వామికి నేర్పాడు, కూతురికి మాత్రం కత్తి ఇచ్చి వెదురు చీల్చమన్నాడు. ఆడపిల్ల కట్టే కట్టు నిలవదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఎవరు పెట్టారో, ఏ ఎముక వచ్చి చెప్పిందో తెలియదు.

కానీ నాయన విరిగిన చోటు తడిమేటప్పుడు కాలు కదలకుండా పట్టుకునే పని ఎవరిది? మునిరత్నమ్మదే. ఎనిమిదేళ్ళ వయసు నుంచి పట్టుకుంది. చర్మం కింద ఎముక ఎట్లా జారుతుందో, ఎక్కడ కటుక్కుమంటుందో, సరిగ్గా కూర్చున్నప్పుడు వేలికి ఎట్లా తెలుస్తుందో ఆ చేతులు వాటంతట అవే నేర్చుకున్నాయి. గంగులప్ప పోయాక మునస్వామి అరుగు మీద కూర్చున్నాడు. అతని వేళ్ళకు విరుపు అందేది కాదు. "మే, ఈడ పట్టుకో" అని చెల్లెల్ని పిలిచేవాడు. ఆమె పట్టుకున్న చోటే విరుపు ఉండేది, అతను దాని మీద తాడు బిగించేవాడు. ఊరూరా 'కట్టు మునస్వామి' అని పేరు వచ్చింది. మునిరత్నమ్మ ఎవరంటే, కట్టు మునస్వామి చెల్లెలు. అంతే.

ఆ అరుగుకు రెండు ఆచారాలు ఉండేవి. కట్టు కట్టాక ఆరు వారాలు దాన్ని విప్పరాదు, నొప్పన్నా, దురదన్నా, జ్వరమన్నా విప్పరాదు. అది మొదటిది. నయమైతే ఆ దబ్బల్ని వంక నీళ్ళలో వదిలేయాలి. కట్టు ఉండగానే మనిషి పోతే మాత్రం, కట్టిన చెయ్యే దాన్ని విప్పాలి. విప్పిన దబ్బల్ని గుంతలో శవం పక్కన పెట్టాలి. కట్టుతో మట్టిలోకి పంపకూడదు. ఇది రెండోది.

ఈ కథకు ఆరేళ్ళ ముందు ఆమె మొగుడు గురప్ప చింతకాయలు దులుపుతూ కొమ్మ విరిగి కింద పడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగి, చర్మం చీల్చుకుని కొస కొంచెం బయటికి వచ్చింది. మునస్వామి నెత్తురు తుడిచి, పసరు పోసి, కట్టు కట్టాడు. ఎనిమిదో రోజు మునిరత్నమ్మకు వాసన తగిలింది. పాచి కూటి వాసనో, మరేదో అనుకుని ఇల్లంతా వెతికింది. చివరికి మొగుడి కాలి దగ్గర వంగి చూసి, పరుగున అన్న దగ్గరికి పోయింది.

"విప్పి సూడున్నా. లోపల కుళ్ళుతాండాది."

"నాయన ఎప్పుడన్నా విప్పినాడా?" అన్నాడు మునస్వామి.

విప్పలేదు. గంగులప్ప ఎప్పుడూ విప్పలేదు. ఆ మాటకు ఆమె వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేసింది. పంతొమ్మిదో రోజు గురప్ప పోయాడు. కట్టిన చెయ్యే విప్పాలి కదా, ఆ చెయ్యి పాకాలలో ఏదో పనుందని ముందు రోజే బస్సెక్కింది. శవాన్ని ఎంతసేపు పెట్టుకుంటారు? మునిరత్నమ్మే కూర్చుని తాడు ముడులు విప్పింది, దబ్బలు తీసింది, గుడ్డ ఊడదీసింది. లోపల ఏం చూసిందో ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు మునస్వామి దిగాడు. ఆమె వీధిలో నిలబడి, బతికుండగా నీ అరుగు గడప తొక్కనని ఊరంతా వినేటట్టు ఒట్టు పెట్టుకుని, తను వెదురు చీల్చే కత్తి తీసుకుని, ఎదురుగా ఉన్న గుడిసెకు మారిపోయింది. అప్పటి నుంచి కూలి పనికి పోయి బతుకుతోంది. ఊరు దానికి పెట్టిన పేరు ముక్కు మీద కోపం.

పందొమ్మిది వందల డెబ్భై తొమ్మిది మాఘమాసంలో ఊరి వెనక మిట్టకు రెండు జీపులు వచ్చాయి. ఆ మిట్ట మీద గుండ్రంగా పాతిన బండలున్నాయి. వాటిని ఊళ్ళో పాండవుల గుళ్ళు అంటారు. యూనివర్సిటీ వాళ్ళు వాటిని తవ్వడానికి గుడారాలు వేశారు. పెద్దాయన పేరు తిరుమలయ్య, ప్రొఫెసరు. ఆయన దగ్గర చదువుకునే తిరుపతి అమ్మాయి పంకజాక్షి, కనిపించిన ప్రతి రాయినీ, కుండపెంకునీ కాగితం మీద గీసే పని ఆమెది. మట్టి తట్టలు మోయడానికి ఊరి ఆడవాళ్ళు కావాలంటే మునిరత్నమ్మ కూడా పోయింది.

అదే వారంలో నగరి నుంచి వసంతమ్మ అనే నేత మనిషిని ఎద్దుల బండిలో తీసుకొచ్చి మునస్వామి అరుగు మీద దించారు. మగ్గం గుంతలోకి దిగబోయి కాలు జారి పడింది. మోకాలి కింద విరిగింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఆమె మొగుడు కుప్పుస్వామి ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చీర కుచ్చిళ్ళ మీద నెత్తురు మరక మునిరత్నమ్మకు వీధి అవతల నుంచే కనబడింది. చర్మం చీలిందన్నమాట. తెలిసి కూడా ఆమె గుడిసె తలుపు వేసుకుంది. గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్న మనిషి కదా.

మిట్ట మీద అయిదు రోజులు తవ్వితే బండరాళ్ళతో కట్టిన చిన్న గది బయటపడింది. పై బండ తీస్తే లోపల మనిషి ఎముకలు, కుండలు, ఒక తుప్పు పట్టిన ఇనుప ముక్క. రెండు వేల అయిదు వందల ఏళ్ళ నాటి మనిషని ప్రొఫెసరు చెప్పాడు. నడుము ఎముక చూసి ఆడమనిషేనని పంకజాక్షి గుర్తు పట్టింది, ముప్పై ఏళ్ళ లోపేనంది. ఎడమ కాలు మోకాలి కింద విరిగి ఉంది.

రెండు రోజుల తర్వాత తిరుపతి నుంచి పేపరు విలేకరి వచ్చాడు. ప్రొఫెసరు గుంత అంచున నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, క్లాసులో చెప్పినట్టు చెప్పాడు. "పక్క సమాధి పెద్దది, అది నాయకుడిది అయ్యుండాలి. ఈ అమ్మాయిని అతనికి తోడుగా పంపించారు. పారిపోకుండా ముందు కాలు విరగ్గొట్టారు." విలేకరికి ఇంకేం కావాలి? 'తూముకుప్పంలో నరబలి' అని మర్నాడు ఈ చివర నుంచి ఆ చివర దాకా అచ్చు వేశాడు.

ఇక ఊరిని చూడాలి. పసిపిల్లల్ని అటు పంపడం మానేశారు. ముగ్గురు ఆడవాళ్ళు పనిలోకి రామన్నారు. శాంతి చేయాలని మునస్వామి ముందు నిలబడి, కోడిని పట్టుకెళ్ళి, ఆ గుంత పక్కనే దాని తల కోసి, నిమ్మకాయలు తిప్పి పారేసి వచ్చాడు. నరబలి జరిగిందని భయపడి కోడిని బలిచ్చే ఊరిని ఏమనాలి? తట్ట పట్టుకుని దూరంగా నిలబడ్డ మునిరత్నమ్మ పళ్ళు కొరుక్కుంది.

ఆ సాయంత్రమే, వీధిలో నీళ్ళు మోసుకొస్తుంటే కుప్పుస్వామి అరుగు దిగి ఎదురొచ్చాడు. మునిరత్నమ్మ సంగతి అతనికి ఎవరో చెప్పి ఉండాలి.

"అమ్మా, దానికి ఒళ్ళు కాలిపోతాండాది. కాలి కాడ ఏందో వాసన గూడా వస్తాండాది. ఒగసారి సూస్తావా?"

ఆమె బిందె భుజం మార్చుకుంది. "కట్టినోడు మా అన్న. ఆయన్నే అడుగు."

"అడిగితిని. ఆరు వారాలు గమ్మున ఉండాలంట."

"అట్లయితే గమ్మునుండు" అని విసురుగా అనేసి ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆ మాట అన్నందుకు తర్వాత తనను తాను తిట్టుకున్నన్ని తిట్లు ఆమె అన్నను కూడా తిట్టలేదు. ఆరోజుకు వసంతమ్మకు కట్టు కట్టి ఎనిమిది రోజులు.

తొమ్మిదో రోజు పొద్దున ఎండ చురుక్కుమంటోంది. పంకజాక్షి ఎముకల బొమ్మ గీయడానికి గుంతలోకి దిగింది. కాగితం మీద ఎండ పడి కళ్ళు చెదిరిపోతున్నాయని, గొడుగు పట్టుకోవడానికి ఎవరైనా రమ్మంది. బలి గుంతలోకి దిగడానికి ఎవరూ ముందుకు రాలేదు. మునిరత్నమ్మ తట్ట విసిరికొట్టి దిగింది.

అంత దగ్గరగా ఆ కాలును చూడటం ఆమెకు అదే మొదలు. గొడుగు పట్టుకుని కాసేపు చూసింది. తర్వాత గొడుగు ఒక పక్కకు వాలిపోయినా ఆమెకు తెలియలేదు.

"పెద్దమ్మా, ఎండ" అంది పంకజాక్షి.

"పాపా, ఈ కాలు విరగ్గొట్టి సంపినారని ఆ సారు యాడ సూసి సెప్పినాడు?"

"ఇదిగో, ఇక్కడ విరిగింది కదా."

"విరిగింది, సరే. విరిగినాక?" మునిరత్నమ్మ గొడుగు మడిచి కింద పెట్టేసింది. "నేనొగసారి పట్టుకుంటా."

పంకజాక్షి గుడారం వైపు చూసింది. ప్రొఫెసరు లోపల కాఫీ తాగుతున్నాడు. "మెల్లిగా పట్టుకో. చాలా పెళుసుగా ఉంది."

"విరిగిన కాలు ఎట్ల పట్టుకోవాల్నో నాకు సెప్తాండావా నువ్వు?" అని కసిరింది గానీ, ఎముక మీద పెట్టిన వేలు పసిబిడ్డ మీద పెట్టినట్టే పెట్టింది. కళ్ళు మూసుకుంది. మోకాలి దగ్గర నుంచి కిందికి జరిపింది. విరిగిన చోట ఎముక చుట్టూ బుడిపె కట్టింది. రెండు కొసలూ ఒకదానికొకటి ఎదురుగా, వంకర లేకుండా నిలబడ్డాయి.

"సూడు. ఈ కాలును ఎవురో లాగినారు. లాగి, సరిజేసి కూసోబెట్టినారు. ఊరికే వదిలేస్తే ఎముక ఒగదాని మీద ఒగటి ఎక్కేస్తాది. ఈ బుడిపె ఉండాదే, ఇది అతుక్కునేటప్పుడు కట్టేది. సచ్చినోళ్ళ ఎముక అతుక్కోదు పాపా. ఈ యమ్మ కాలు విరిగినాక నెల దినాలకు తక్కువ గాకుండా బతికింది."

పంకజాక్షి పెన్సిలు ఆగిపోయింది. మునిరత్నమ్మ వేలు మాత్రం ఆగలేదు. బుడిపె దాటి లోపలి పక్కకు తిరిగింది. అక్కడ ఎముక నున్నగా లేదు. పురుగు తిన్న కొయ్యలాగా గుంటలు గుంటలుగా, గరుకుగా ఉంది. ఆ గరుకు పైకి ఎంత దాకా ఉందో, కిందికి ఎంత దాకా ఉందో రెండుసార్లు తడిమి చూసింది. కట్టు ఎంత మేర పడుతుందో అంత మేరే. దాని పైనా, కిందా ఎముక శుభ్రంగా ఉంది.

ఆమె చెయ్యి వెనక్కి తీసేసింది. తర్వాత, కాలికి జానెడు దూరంలో పడున్న ఇనుప ముక్కను చూపించి అదేమిటని అడిగింది.

"కొడవలి. తుప్పులో వెదురు అచ్చు పడి ఉంది చూడు. బుట్ట మీద పెట్టి ఉంటారని సార్ రాయించారు."

మునిరత్నమ్మ వంగి చూసింది. తుప్పు మీద నాలుగు గీతలు, వేలెడు వెడల్పున, ఒకదాని పక్కన ఒకటి. ఒక చివర నులక ముడి గుర్తు. "బుట్టయితే ఈనెలు అడ్డంగా నిలువుగా దాటుకోవా? ఇవి నాలుగూ పక్కపక్కన పడుకోనుండాయి. ఇవి దబ్బలు పాపా. నా జన్మంతా ఇవి సీల్చే గదా బతికినాను" అంది. తమ అరుగు ఆచారం కూడా చెప్పింది.

నయమైతే వంకలో వదిలేస్తారు. పోతే పక్కన పెడతారు. పక్కన పెట్టారు.

ఇక ఆ మనిషి ఆఖరి రోజులు ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎక్కడో రాళ్ళ మీద పడి ఉంటుంది, ఎముక కొస చర్మం చీల్చుకుని వచ్చి ఉంటుంది. ఎవరో ఎత్తుకొచ్చారు. ఇద్దరు పట్టుకుంటే ఒకరు లాగారు. ఒక చోట పడుకోబెట్టి అన్నం పెట్టారు, ఒళ్ళు కడిగారు, పక్కకు దొర్లించారు. నెల రోజులు మంచంలో ఉన్న మనిషికి చేయాల్సినవన్నీ చేశారు. బలికిచ్చే మనిషికి ఎవరూ ఇంత చాకిరీ చేయరు. ఇంతలో కట్టు లోపల వేడి పుట్టింది. జ్వరం వచ్చింది. వాసన వచ్చింది. ఆ ఇంట్లో ముక్కున్న వాళ్ళందరికీ వచ్చే ఉంటుంది. విప్పి చూడమని ఎవరో ఒకరు అనే ఉంటారు. ఆ మాట అన్నది ఆడదే అయ్యుంటుందని మునిరత్నమ్మకు ఎందుకో గట్టిగా అనిపించింది. కట్టినవాడు విప్పనన్నాడు. మనిషి పోయాక, అప్పుడు, తీరుబాటుగా విప్పారు. దబ్బలు పక్కన సర్ది, మీద కొడవలి పెట్టి, ఇంత పెద్ద బండ కప్పి మర్యాద చేశారు.

ఆమెకు ఒళ్ళంతా మండిపోయింది. "తూ!" అంది పైకే. "రెండు వేల అయిదు నూర్ల ఏండ్లా? ఇన్నేండ్లూ ఒగడికీ బుద్ధి రాలేదా?"

ఆ కేకకు ప్రొఫెసరు కాఫీ గ్లాసుతోనే బయటికి వచ్చాడు. కూలిమనిషి గుంతలో కూర్చుని ఎముకలు ముట్టుకోవడం చూసి మొహం ఎర్రబడింది. పంకజాక్షి గబగబా విషయమంతా చెప్పింది. ఆయన సగం విని చెయ్యి ఊపాడు.

"అతుక్కున్నట్టు నాకూ కనబడింది. బలికి ముందు కొన్నాళ్ళు బందీగా పెట్టుకుని ఉండొచ్చు. దబ్బలు పక్కన పెట్టడం మీ ఊరి ఆచారం. అంత పాత కాలంలో అది ఉందని నీకెట్లా తెలుసు?"

"ఉండాదో లేదో నాకు తెలీదు. ఈ గుంటలు కట్టు కిందనే ఉండాయి, అది తెలుసు. లోపల సీము పడితే ఎముక ఇట్లనే తినేస్తాది."

"చీము పట్టిన ఎముక నువ్వెప్పుడైనా చూశావా?"

"సూసినాను సార్." ఆమె లేచి నిలబడింది. "నా మొగుడి కట్టు నేనే ఇప్పినాను. సచ్చినాక ఇప్పినాను. గుడ్డ తీస్తే తోలు గూడా దాంతోనే వచ్చింది. లోపల ఎముక నల్లంగా, ఎలుక కొరికినట్టు ఉండాది. ఎనిమిదో దినానే నాకు వాసన వచ్చింది. ఇప్పమని సెప్పి, ఒగ మాటకే గమ్మునైపోతిని. బలి బలి అని పేపర్లో ఏస్తిరే, బలిచ్చేటోడు సంపుతాండానని తెలిసే సంపుతాడు. మేము బతికిస్తాండామని సెప్పి సంపుతాండాము."

గుంత అంచున మిగిలిన కూలివాళ్ళు తట్టలు దించి నిలబడిపోయారు. మునిరత్నమ్మ వాళ్ళవైపు చూడలేదు. ఆమె వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకుంది. నగరి మనిషిని దించింది పోయిన వారం సోమవారం. ఈ రోజు మంగళవారం. తొమ్మిది రోజులు.

గుంత ఎక్కడానికి నిచ్చెన ఉంది. ఆమె నిచ్చెన దాకా కూడా పోలేదు, బండ పట్టుకుని పాకి ఎక్కి, మిట్ట దిగి, తన గుడిసెలోకి పోయి చూరులో దోపిన కత్తి తీసింది. ఆరేళ్ళుగా ఆ కత్తి ఒక్క దబ్బను కూడా చీల్చలేదు.

అరుగు మీద మునస్వామి కునుకు తీస్తున్నాడు. వసంతమ్మ పెదవులు ఎండిపోయి, కళ్ళు సగం మూసుకుని ఉంది. ఈగలు తోలుతున్న కుప్పుస్వామి, కత్తితో వస్తున్న మనిషిని చూసి లేచి నిలబడ్డాడు. మునిరత్నమ్మ గడప మీద కాలు పెట్టింది. ఆ చప్పుడుకు మునస్వామి కళ్ళు తెరిచాడు.

"నా గడప తొక్కనంటివే?"

"తొక్కినా. సూడు."

"కత్తెందుకు మే? ఏం జేస్తాండావు?"

ఆమె అప్పటికే వసంతమ్మ కాలి దగ్గర కూర్చుని మొదటి తాడు తెంపింది. మునస్వామి వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "తొమ్మిదో దినం! నాయన కట్టుకు కత్తి పెడతాండావా? నాయన ఎప్పుడన్నా..."

"ఇప్పలేదు! నాయనా ఇప్పలేదు, నువ్వూ ఇప్పలేదు, నాయనకు నేర్పినోడూ ఇప్పుండడు. ఆ మిట్ట మీద బండ కింద పడుకోనుండాదే ఆ యమ్మ, దాని కట్టూ ఎవురూ ఇప్పలేదు. పో, పోయి సూసిరా పో. కోడిని కోసొచ్చినావే, దాని కాలు సూసినావా?" ఆమె చెయ్యి విదిలించుకుంది. ఆ పెద్ద చేతుల ముందు మునస్వామి చెయ్యి నిలవలేదు. "ఆరేండ్ల కిందటే నీ సెయ్యి ఇట్ల ఇదిలించుంటే నా మొగుడు ఉండేటోడు. నీ తప్పు సగమే అన్నా. మిగతా సగం నాది. ఇంగోసారి నేను సెయ్యను."

రెండో తాడు తెగింది. దబ్బలు తీసింది. గట్టిపడిన గుడ్డను అంచు నుంచి కోసుకుంటూ వచ్చింది. లోపలి వాసన బయటికి రాగానే వీధిలో గుమిగూడిన వాళ్ళు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. పుండు అరచేయి అంత అయింది, చీము కారుతోంది, చుట్టూ తోలు వాచి మెరుస్తోంది. పాదం మాత్రం ఇంకా వెచ్చగా ఉంది. మునిరత్నమ్మ బొటనవేలు నొక్కి చూసింది. తెల్లబడి మళ్ళీ ఎరుపు తిరిగింది.

"కాలు ఇంగా ఉండాది" అంది కుప్పుస్వామితో. "నిలబడి సూస్తావేందప్పా? బిన్నా నీళ్ళు కాంచుకోని రా, పరిగెత్తు."

పుండు కడుగుతుండగానే జీపు వచ్చి ఆగింది. పంకజాక్షి డ్రైవరు పక్కన కూర్చుని ఉంది. ప్రొఫెసరును అడిగి తెచ్చిందో, అడగకుండానే తెచ్చిందో ఆమె ఎప్పుడూ చెప్పలేదు. వసంతమ్మను వెనక సీటు మీద పడుకోబెట్టారు. ఎముక కదలకుండా మునిరత్నమ్మ రెండు చేతులతో పట్టుకుని, తిరుపతి పెద్దాసుపత్రి గుమ్మం దాకా ఆ పట్టు వదలకుండా కూర్చుంది.

ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే కాలు మోకాలి పైదాకా తీసేయాల్సి వచ్చేదని డాక్టరు అన్నాడట. రెండు నెలలకు వసంతమ్మ కర్ర పట్టుకుని నడిచింది, కొంచెం కుంటుతుంది. మునస్వామి మాత్రం, బలి శవాన్ని ముట్టుకుని తన చెల్లెలికి పిచ్చెక్కిందని ఊరంతా చెప్పుకుని తిరిగాడు. ఊరు నమ్మింది. అంతకు ముందు కోపిష్టిది అనేవాళ్ళు, ఇప్పుడు పిచ్చిది అంటున్నారు. అట్లా అంటూనే, అరుగు మీద ఎవరికైనా జ్వరం వస్తే మాత్రం ఆ ఇంటి ఆడవాళ్ళు వీధి దాటి ఆమె గుడిసె తలుపు తట్టేవాళ్ళు. ఆమె వాళ్ళను నాలుగు తిట్టి, కత్తి తీసుకుని బయల్దేరేది.

తవ్వకం ముగించుకుని వెళ్ళే రోజు ఎముకల్ని దూది పరిచిన చెక్కపెట్టెలో సర్దారు. నరబలి అన్నది పేపరు వాళ్ళేననీ, తను అనలేదనీ ప్రొఫెసరు ఇప్పుడు చెబుతున్నాడు. పెట్టె మీద అంటించే చీటీలో 'మరణ కారణం తెలియదు' అని రాయమని చెప్పి తన జీపు ఎక్కాడు. పంకజాక్షి పెన్ను తెరిచి, తట్టలు కడుగుతున్న మునిరత్నమ్మను పిలిచింది.

"పెద్దమ్మా, కారణం ఏమని రాయమంటావు?"

మునిరత్నమ్మ తడి చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చి పెట్టెలోకి చూసింది. కాలు ఎముక పక్కనే కొడవలిని కూడా పెట్టారు.

"విప్పి సూడలేదు అని రాయి."

"అంతేనా?"

"అంతే. సూసుంటే బతికేది" అని, మళ్ళీ తట్టల దగ్గరికి వెళ్ళిపోయింది.